అరకు కర్రతో తొలి ఓడ: చెక్క నమూనాల తయారీలో మొదటి పాఠాలు

నిజమైన ఓడను కొలతల ప్రకారం కుదించి చెక్కతో మలిచిన ప్రతిరూపమే ఓడ నమూనా. బొమ్మ ఓడకూ దీనికీ తేడా కొలతలోనే ఉంది. బొమ్మలో ముక్కు కాస్త పొడుగైనా, తెరచాప కొంచెం పెద్దదైనా అడిగేవారుండరు. నమూనాలో అలా కుదరదు. అసలు ఓడలోని ఒక అడుగు ఇక్కడ పావు అంగుళమైతే, పలక మందం నుంచి తాడు లావు దాకా ప్రతిదీ అదే లెక్కకు రావాలి.

ఈ పని మనిషికి కొత్తది కాదు. ఈజిప్టులో సుమారు 4,000 ఏళ్ల నాటి మెకెట్రే సమాధిలో చెక్క పడవల నమూనాలు వరుసగా దొరికాయి. గుజరాత్‌లోని లోథాల్ తవ్వకాల్లో మట్టి పడవ నమూనా బయటపడింది. బ్రిటన్ నౌకాదళం కోసం 17వ శతాబ్దంలో చేసిన చెక్క నమూనాలు గ్రీనిచ్‌లోని మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. విశాఖపట్నంలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో ఇప్పటికీ నౌకల నమూనాలను పొడవాటి నీటి తొట్టెలో లాగి, నీరు వాటిని ఎంతగా అడ్డుకుంటుందో కొలుస్తారు.

సముద్రానికి రోడ్డు మీద 115 కిలోమీటర్ల దూరంలో, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా, అరకులోయ ఈ పనికి అనువైన చోటే. ఓడ నమూనాకు మొదట కావలసింది కర్ర, కర్ర గురించిన ఎరుక. ఆ రెండూ తూర్పు కనుమల్లో ఉన్నాయి. కర్ర తత్వం తెలిసినవారికి ఓడ నేర్చుకోవడం సులువు. అది తెలియకుండా ఎంత ఖరీదైన సామగ్రి కొన్నా పలకలు పగులుతాయి, అతుకులు విడిపోతాయి.

మూడు పద్ధతులు

చెక్క ఓడ దేహాన్ని ప్రధానంగా మూడు విధాలుగా కడతారు. మొదటిది పొరల పద్ధతి. పలకలను ఒకదానిపై ఒకటి అతికించి మొద్దుగా చేసి, బయటి నుంచి చెక్కి ఆకారం తెస్తారు. రెండోది అడ్డుబిళ్లల పద్ధతి. వెన్నుదూలం మీద కొన్ని అడ్డుబిళ్లలు నిలబెట్టి, వాటిపై సన్నని పలకలు పరుస్తారు. ఇటలీలోని అమాటి, స్పెయిన్‌లోని ఆర్టెసానియా లాటినా వంటి సంస్థలు అమ్మే కిట్లలో ఎక్కువ భాగం ఈ పద్ధతివే. మూడోది పక్కటెముకల పద్ధతి. అసలు ఓడలో ఉన్నట్టే ప్రతి ఎముకనూ విడిగా చేసి, వరుసగా నిలబెట్టి కడతారు. దీనికి ఏళ్ల అనుభవం కావాలి.

తొలిసారి చేసేవారికి పొరల పద్ధతే మేలు. ఆకారం మొత్తం చేతికి తెలుస్తుంది. పొరపాటున ఎక్కువ చెక్కినా అక్కడ ముక్క అతికించి సరిచేయవచ్చు. మొద్దు సిద్ధమయ్యాక దానిపై సన్నని పలకలు అతికిస్తే, పలకలు పరిచే విద్య కూడా అదే నమూనాతో మొదలవుతుంది.

ఏ ఓడతో మొదలుపెట్టాలి

తెలుగు తీరానికి ఓడల చరిత్ర పెద్దదే. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుఫాన్లు దాన్ని దెబ్బతీశాయి. ఆ పక్కనే ఉన్న తాళ్లరేవులో ధోనీలనే చెక్క తెరచాప ఓడలు కట్టే పని 20వ శతాబ్దంలోనూ సాగింది. విశాఖలో 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం నుంచి, 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' అనే ఓడ నీటిలోకి దిగింది.

వీటిలో తొలి నమూనాకు దేన్ని ఎంచుకోవాలన్నది కొలతలను బట్టి తేలుతుంది. నాణెం మీది ఓడ అందమైనదే కానీ, అక్కడ కనిపించేది పక్క నుంచి చూసిన రూపం ఒక్కటే. వెడల్పు ఎంతో, అడుగు ఎలా ఉండేదో నాణెం చెప్పదు. 'జల ఉష' ఉక్కు ఓడ. దేహం సాదాగా ఉన్నా, డెక్కు మీద క్రేన్లు, నిచ్చెనలు, కమ్మీలు, పడవలు లెక్కలేనన్ని ఉంటాయి. చేయి తిరగని వారికి అవి భారం.

కోరమండల్ తీరపు ధోనీ ఈ రెండు ఇబ్బందులకూ దూరం. ట్రింకోమలీ నౌకాశ్రయంలో ఓడల నిర్మాణ బాధ్యత చూసిన జాన్ ఎడై 1834లో ఈ తీరపు పడవల మీద ప్రచురించిన వ్యాసంలో ధోనీని వర్ణించాడు. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, చదునైన అడుగు, ఒకే స్తంభం, ఒకే పెద్ద తెరచాప. చదునైన అడుగు కాబట్టి చెక్కడం తేలిక, ఒకే స్తంభం కాబట్టి తాళ్ల పని తక్కువ. మొదటిసారి చేసేవారికి ఇంతకన్నా తగిన ఓడ ఈ తీరంలో దొరకడం కష్టం.

కొలత లెక్క

నమూనాల్లో ఎక్కువగా వాడే నిష్పత్తుల్లో 1:48 ఒకటి. అంటే అడుగుకు పావు అంగుళం. అంగుళాల టేపుతో పనిచేసే మన వడ్రంగులకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఈ లెక్కన 70 అడుగుల ధోనీ పదిహేడున్నర అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉంటుంది. బల్ల మీద సులువుగా పట్టే పరిమాణమిది. ఇంతకన్నా చిన్నదైతే వేళ్లకు పట్టు దొరకదు, పెద్దదైతే కర్రా కాలమూ ఎక్కువ పడతాయి.

పెద్ద నౌకలకు ఈ నిష్పత్తి పనికిరాదు. విశాఖ బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా నిలిచిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. 1:48లో అది దాదాపు 1.9 మీటర్లవుతుంది. అదే 1:200లో చేస్తే 46 సెంటీమీటర్లలోపు ఇమిడిపోతుంది.

ఎంచుకున్న నిష్పత్తిలో మూడు బొమ్మలు గీయాలి: పక్క నుంచి, పై నుంచి, అడ్డంగా కోసినట్టు. అడ్డుకోత బొమ్మలు కనీసం ఐదు చోట్ల ఉండాలి. వీటిని అట్టముక్కలపై గీసి, ఓడ ఆకారాన్ని కత్తిరించి తీసేసి, దాని బయటి వంపున్న అట్టను ఉంచుకుంటే అచ్చులు సిద్ధం. చెక్కేటప్పుడు ఓడ దేహానికి ఆనించి చూసుకునేది వీటినే.

కర్ర ఎంపిక

నమూనాకు పనికొచ్చే కర్రకు మూడు లక్షణాలుండాలి: పీచు నేరుగా, సన్నగా ఉండటం, ముడులు లేకపోవడం, పూర్తిగా ఆరి ఉండటం. అసలు ఓడను 48వ వంతుకు తగ్గించవచ్చు కానీ కర్రలోని చారలను తగ్గించలేం. పెద్ద పెద్ద చారలున్న కర్ర వాడితే చిన్న ఓడ మీద అవి కొట్టొచ్చినట్టు కనిపించి కొలతను చెడగొడతాయి.

ఈ దృష్టితో చూస్తే కనుమల్లో దొరికే వాటిలో అంకుడు కర్రది మొదటి స్థానం. తెల్లగా, మెత్తగా, నునుపుగా ఉండే ఈ కర్రతోనే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక కళాకారులు లక్క బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉలికి లొంగడం, అంచులు విరగకపోవడం అంకుడు గుణాలు. పొరల మొద్దుకైనా, సన్నని పలకలకైనా పనికొస్తుంది.

పనస చేవ పసుపు రంగులో ఉండి, కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అరకు పల్లెల్లో పనస చెట్టు లేని చోటు అరుదు. రంగు వేయకుండానే పాత ఓడ ఛాయ రావాలంటే పై పలకలకు పనసను మించింది లేదు. టేకు గట్టిదే కానీ దాని పీచు ముతక. పైగా దానిలోని నూనె వల్ల జిగురు త్వరగా పట్టదు. వెన్నుదూలం, చుక్కాని వంటి భాగాలకు వాడితే చాలు.

కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. మిరియాల తీగలు దాని మానుకే పాకుతాయి. కర్ర తేలికగా కోతకు వస్తుంది కానీ, నిలువుగా కోసిన పలక మీద వెడల్పాటి మెరుపు చారలు తేలతాయి. అందుకని పైకి కనిపించే పలకలకు కాక, లోపలి మొద్దుకు వాడాలి. దాని పొట్టు కొందరి చర్మానికి పడదు. దద్దుర్లు రావచ్చు కాబట్టి నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

వెదురుది ప్రత్యేక స్థానం. పాత ఓడల్లో పలకలను బిగించడానికి ఇనుప మేకులతో పాటు చెక్క మేకులూ వాడేవారు. ఒక అంగుళం లావు మేకు 1:48లో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అంత సన్నగా చెక్కితే చాలా కర్రలు విరిగిపోతాయి. వెదురు పీచు చివరిదాకా నేరుగా సాగుతుంది కాబట్టి అది మాత్రం నిలుస్తుంది. మందపాటి ఉక్కు రేకుకు పెద్దది నుంచి చిన్నది దాకా వరుసగా రంధ్రాలు వేస్తారు. చీల్చిన వెదురు పుల్ల కొనను చెక్కి మొదటి రంధ్రంలో దూర్చి, పట్టకారుతో అవతలికి లాగుతారు. రంధ్రం అంచు పుల్లను గీరి గుండ్రంగా చేస్తుంది. ఒక్కో రంధ్రం దాటుతూ పోతే చివరికి దారం లావు మేకు వస్తుంది. ఆరిన వెదురే దీనికి పనికొస్తుంది. పచ్చిదైతే పీచు లేచిపోతుంది.

కర్ర కోసం అడవిలో చెట్టు కొట్టనక్కర్లేదు. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం కూడా. పదిహేడున్నర అంగుళాల ధోనీకి పట్టే కర్ర పావు ఘనపుటడుగు లోపే. తలుపులు, మంచాలు చేసే వడ్రంగి దుకాణంలో మిగిలే ముక్కల్లోనే అది దొరుకుతుంది.

ఆరబెట్టడం

కర్ర తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవునా దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. వానాకాలం గాలి నిండా తేమ ఉండే అరకులో అతికించిన ఓడను ఎండాకాలం విజయవాడకో హైదరాబాద్‌కో తీసుకెళితే పలకల మధ్య సందులు పడేది అందుకే.

కోసిన ముక్కలను నేలకు తగలకుండా, మధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడేలా నీడలో పేర్చాలి. ఎండలో పెడితే చివర్లు ముందుగా ఆరి బీటలు తీస్తాయి. ఆ చివర్లకు మైనం పూస్తే బీటలు తగ్గుతాయి. కర్ర ఆరిందో లేదో తెలుసుకోవడానికి వంటింటి త్రాసు చాలు. ఒక ముక్కను వారానికోసారి తూచి రాసుకోవాలి. బరువు తగ్గుతూ వచ్చి ఒకచోట నిలిచిపోతే, ఆ ఊరి గాలికి సరిపడా ఆరిందని అర్థం. వెదురుకూ తెల్లకర్రకూ పురుగు భయం ఉంటుంది. పురుగుకు ఆహారం వాటిలోని పిండి పదార్థం. వెదురును కొన్ని వారాలు నీటిలో నానబెట్టి ఆరబెడితే ఆ పదార్థం చాలావరకు పోతుంది.

పనిముట్లు

తొలి ఓడకు మోటారు యంత్రాలు అక్కర్లేదు. సన్నని పళ్ల రంపం, వంపులు కోయడానికి తీగ రంపం, పావు అంగుళం, అర అంగుళం ఉలులు, చిన్న చిత్రిక, ఆకురాళ్లు, పదునైన కత్తి, చేతితో తిప్పే చిన్న డ్రిల్లు, ఉక్కు స్కేలు, మూలమట్టం, పట్టకారు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఉప్పుకాగితం 80 నుంచి 320 నంబరు దాకా నాలుగైదు రకాలు కావాలి. జిగురుకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురు సరిపోతుంది. ఉలికి ఎప్పుడూ పదును ఉండాలి. మొద్దుబారిన ఉలిని బలంగా తోయాల్సి వస్తుంది, చేతులు తెగేది అలాంటప్పుడే.

దేహం మలచడం

అర అంగుళం మందం పలకలు ఐదారు తీసుకుని, ఒక్కోదానిపై ఆ ఎత్తులో ఓడ పై నుంచి ఎలా కనిపిస్తుందో ఆ గీత గీయాలి. అడుగు పలక సన్నగా, పైపలక వెడల్పుగా ఉంటుంది. ప్రతి పలక మధ్యలో నిలువు గీత, నడిమి అడ్డగీత తప్పక ఉండాలి. పలకలు పేర్చేటప్పుడు ఈ గీతలు కలిస్తేనే ఓడ తిన్నగా వస్తుంది. తీగ రంపంతో గీతకు కాస్త బయటగా కోసి, జిగురు పూసి, బరువు పెట్టి ఒక రోజంతా వదిలేయాలి.

ఆరాక మొద్దు పక్కలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆ మెట్ల మూలలను ఉలితో తీసేయడమే ఆకారం మలచడం. మెట్ల లోపలి మూల కనిపిస్తున్నంతవరకూ ఇంకా చెక్కవచ్చు. అది మాయమైన చోట ఆగాలి. ఎక్కడా ఉలి పీచుకు ఎదురు నడవకూడదు. నడిమి నుంచి ముక్కు వైపు, నడిమి నుంచి వెనుక వైపు చెక్కుకుంటూ పోవాలి. ప్రతి పది నిమిషాలకూ అట్ట అచ్చును ఆనించి చూడాలి. అచ్చుకూ చెక్కకూ మధ్య వెలుగు కనిపించే చోట ఆకారం ఇంకా కుదరలేదని అర్థం. రెండు పక్కలనూ కొంత కొంతగా చెక్కుతూ వస్తేనే సమానంగా వస్తాయి. ఎక్కువ తెగిన చోట పొట్టులో జిగురు కలిపి లప్పం పెడితే సరిపోతుంది. కొండపల్లి కళాకారులు పొట్టు, చింతగింజల పొడితో చేసే మక్కు కూడా ఇలాంటిదే. బొమ్మల అవయవాలను అతికించి, సందులు పూడ్చేది దానితోనే.

పలకలు పరచడం

మొద్దు నునుపయ్యాక దానిపై ఒక మిల్లీమీటరు మందం, 5 మిల్లీమీటర్ల వెడల్పు పలకలు అతికించాలి. అసలు ఓడలో ఇది 24 సెంటీమీటర్ల వెడల్పు పలకకు సమానం. ఇక్కడే తొలిసారి చేసేవారు తడబడతారు. ఓడ నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. ఒకే వెడల్పు పలకలను అలాగే పరిస్తే ముక్కు దగ్గర అవి ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి.

దీనికి లెక్క ఉంది. డెక్కు అంచు నుంచి వెన్నుదూలం దాకా కాగితపు పట్టీ ఆనించి కొలవాలి. నడుము దగ్గర 120 మిల్లీమీటర్లు వస్తే 5 మిల్లీమీటర్ల పలకలు 24 పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 72 మిల్లీమీటర్లయితే, ఆ 24 పలకలూ అక్కడ 3 మిల్లీమీటర్ల చొప్పున ఉండాలి. అంటే ప్రతి పలకనూ నడుము నుంచి ముక్కు వైపు 5 నుంచి 3కు చిత్రిక పట్టి సన్నం చేయాలి. సగం వెడల్పు కన్నా తగ్గించకూడదు. తగ్గించక తప్పకపోతే ఒక పలకను మధ్యలోనే ఆపి, పక్క పలకలను కలపాలి.

వంపు ఎక్కువగా ఉన్న చోట పలకను అరగంట నీటిలో నానబెట్టి, వేడి గొట్టానికి ఆనించి మెల్లగా వంచాలి. వంచిన ఆకారంలోనే గుండుసూదులతో బిగించి ఆరబెట్టి, ఆ తర్వాత జిగురు పెట్టాలి. తడి పలకను నేరుగా అతికిస్తే ఆరినప్పుడు కుంచించుకుపోయి సందు పడుతుంది. అసలు ఓడల్లో ఒకే పలక ముక్కు నుంచి వెనుక దాకా ఉండదు. సుమారు 20 అడుగుల పలకలను అతికి వాడతారు. నమూనాలో అది 5 అంగుళాలు. పక్కపక్క పలకల్లో అతుకులు ఒకే చోట రాకుండా చూడాలి.

స్తంభం, తాళ్లు, తెరచాప

స్తంభం నిలువు పీచున్న చతురస్రపు పుల్లతో మొదలవుతుంది. దాని నాలుగు మూలలూ చిత్రిక పట్టి ఎనిమిది ముఖాలు చేయాలి, ఆపై పదహారు. చివర ఉప్పుకాగితంలో చుట్టి తిప్పితే గుండ్రమవుతుంది. పై కొనకు వెళ్లేకొద్దీ సన్నబడాలి. లేత్ అందుబాటులో ఉన్నవారు చక్రాలు, పీపాలు, లంగరు తాడు చుట్టే దుంగ వంటి గుండ్రని భాగాలను దానిమీదే చేసుకోవచ్చు. అంకుడు కర్ర లేత్ మీద ఎంత శుభ్రంగా తిరుగుతుందో ఏటికొప్పాక పనివారి చేతుల్లో చూస్తే తెలుస్తుంది.

తాళ్లకు మామూలు నూలు దారం వాడితే దానిమీది నూగు లేచి, తాడు బదులు పీచులా కనిపిస్తుంది. దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా రెండు మూడు సార్లు లాగితే నూగు అణిగి, దారం నిగనిగలాడుతుంది. కనుమల్లో తేనె సేకరించే చోట మైనం దొరకడం కష్టం కాదు. స్తంభాన్ని నిలబెట్టే తాళ్లు లావుగా, ముదురు రంగులో ఉండాలి. తెరచాపను ఎత్తి దించే తాళ్లు సన్నగా, లేత రంగులో ఉండాలి. లావు కూడా లెక్క ప్రకారమే. అసలు తాడు దాదాపు 5 సెంటీమీటర్ల లావుంటే దారం ఒక మిల్లీమీటరు. తెరచాపకు బాగా నలిగిన పాత పంచె బట్ట తగినది. కొత్త బట్ట గంజితో బిరుసుగా ఉండి గాలికి నిండినట్టు కనిపించదు. పలచటి కాఫీ డికాషన్‌లో ముంచి, నీటిలో జాడించి ఆరేస్తే వాడిన తెరచాప ఛాయ వస్తుంది.

మెరుగు, సంరక్షణ

పలకల మీద 320 నంబరు ఉప్పుకాగితం పట్టి, దుమ్ము పూర్తిగా తుడిచాక పై పూత వేయాలి. స్పిరిట్‌లో కరిగించిన లక్కను పలుచగా మూడు నాలుగు పూతలు వేస్తే చెక్క రంగు నిండుగా తేలుతుంది. ఒక్కో పూత ఆరాక తేలికగా రుద్ది తర్వాతి పూత వేయాలి. మందపాటి వార్నిష్ ఒక్కసారే పూస్తే చిన్న చిన్న వివరాలన్నీ దాని కింద పూడుకుపోతాయి.

పూర్తయిన ఓడకు శత్రువులు దుమ్ము, ఎండ, తేమ, పురుగు. అద్దాల పెట్టెలో పెట్టి, గాలి కాస్త ఆడేలా సన్నని సందు వదలాలి. కిటికీ ఎదుట పెడితే కర్ర రంగు మారుతుంది, దారాలు బలం కోల్పోతాయి. పెట్టె అడుగున సన్నని పిండిలాంటి పొట్టు కనిపిస్తే పురుగు పట్టినట్టే. వెంటనే ఆ భాగాన్ని వేరుచేసి మందు వేయాలి. ఓడ పేరు, నిష్పత్తి, వాడిన కర్రలు, కొలతలు ఎక్కడివి అన్నది ఒక పలక మీద రాసి పక్కన పెట్టడం మంచి అలవాటు. కొలత ఆధారం చెప్పగలిగినప్పుడే నమూనాకు విలువ.

రోజుకు గంట చొప్పున పనిచేసేవారికి ఇలాంటి ధోనీ కొన్ని నెలల పని. తొందరపడితే చెడిపోయేది ఎక్కువగా జిగురు ఆరే చోట, పలక వంచే చోట. ధోనీ పూర్తయ్యేసరికి పీచు వాలు చూడటం, అచ్చుతో ఆకారం సరిపోల్చడం, పలక సన్నం చేయడం, దారానికి మైనం పట్టించడం చేతికి వస్తాయి. అప్పుడు అడ్డుబిళ్లల పద్ధతిలో రెండో ఓడకు వెళ్లవచ్చు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కట్టే మసులా పడవ నమూనా అయితే పూర్తిగా వేరే పాఠం నేర్పుతుంది. దానికి పక్కటెముకలే ఉండవు, ఒక్కో కుట్టూ ఒక్కో రంధ్రంలోంచి పోవాలి. విదేశీ కిట్లు కొనదలచినవారు కూడా ఈ దశ దాటాకే కొనడం మంచిది. కిట్‌లో వచ్చే కాగితం ఏ ముక్క ఎక్కడ అతకాలో చెబుతుంది. ఆ ముక్క వంగుతుందా, పగులుతుందా అన్నది చెప్పగలిగేది అప్పటిదాకా కర్రతో పనిచేసిన చేతులే.